ఎనుమాముల బైరి: 320 అన్న వేగం 119కి ఎలా దిగింది

డిసెంబర్ చివరి వారం, పొద్దున ఎనిమిదిన్నర. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు దగ్గర, మక్కలూ వడ్లూ రాలే చోట వాలే పావురాల గుంపు మీదికి ఒక బైరి (పెరెగ్రిన్ ఫాల్కన్ అనే వేట డేగ) పైనుంచి దూకింది. దగ్గర్లోని డాబా మీది నుంచి ఫోన్లో స్లో మోషన్‌లో తీసిన క్లిప్ వాట్సాప్‌లో తిరిగింది. కింద రాసిన మాట: "వరంగల్ ఆకాశంలో గంటకు 320 కిలోమీటర్లు". రాసినవాళ్లు గాలికి రాయలేదు, లెక్క కూడా చూపించారు: పక్కనున్న సెల్ టవర్ 40 మీటర్లు, తెర మీద టవర్ ఎంత పొడుగుందో అంత దూరం పక్షి 0.45 సెకన్లలో దిగింది, 40ని 0.45తో భాగిస్తే సెకనుకు 89 మీటర్లు, అంటే గంటకు 320.

భాగహారంలో తప్పు లేదు. అందులో వేసిన రెండు అంకెలే తప్పు. ఈ కేసులో తేల్చాల్సినవి రెండు: అసలు వేగం ఎంత, పక్షి అంతకన్నా వేగంగా ఎందుకు రాలేదు. రెండోదాని జవాబే ఎక్కువ పనికొస్తుంది.

చేతిలో ఉన్నవి మూడు క్లిప్పులు. మొదటిది ఆ డాబా మీది ఫోన్ క్లిప్. పిట్టగోడ మీద ఆనించి తీసింది కాబట్టి ఫ్రేమ్ కదలలేదు. రెండోది టవర్‌కు తూర్పున, 310 మీటర్ల దూరంలో ఇంకో డాబా మీది నుంచి అదే సమయంలో తీసిన మామూలు వీడియో, సెకనుకు 30 ఫ్రేములు. మూడోది 400 ఎంఎం లెన్సు కెమెరాతో పక్షి వెంట తిప్పుతూ తీసింది. తిప్పుతూ తీసిన క్లిప్ వేగం లెక్కకు పనికిరాదు, వెనక ఆనవాలు నిలవదు. కానీ రెక్క ఎలా ముడిచిందో చెప్పగలిగేది అదొక్కటే.

పక్షి ఏదో ముందే తేల్చుకోవాలి. మార్కెట్ మీద తిరిగే నల్ల గద్దలు కూడా కిందికి వాలతాయి. వాటిని బైరి అనుకుని పంపే క్లిప్పులే ఎక్కువ. నల్ల గద్ద తోక చీలి ఉంటుంది, రెక్క చివర వేళ్లలా విడిపోయి కనిపిస్తుంది. బైరి రెక్క మొన తేలి ఉంటుంది, కంటి కింద మీసంలా నల్ల చార దిగుతుంది. మూడో క్లిప్‌లో ఆ మీసం స్పష్టం. రొమ్ము మీద నిలువు గీతలున్నాయి, అంటే ఇంకా ఏడాది నిండని పిల్ల బైరి. పెద్దదానికి గీతలు అడ్డంగా ఉంటాయి. చలికాలంలో ఉత్తరం నుంచి దిగే బైరీలు టవర్లనే కొండచరియల్లా వాడుకుంటాయి. ఇక్కడిదీ ఆ టవర్ మీదే కూర్చునేది.

ముందు ఎత్తు, తర్వాత వేగం

ఇలాంటి క్లిప్ ఏది వచ్చినా ఫ్రేములు లెక్కపెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది: పక్షి ఎంత ఎత్తు దిగిందో చూడడం. రెక్కలు ఆపి దూకే పక్షికి వేగం ఎత్తు నుంచే వస్తుంది. దిగిన ఎత్తును మీటర్లలో తీసుకుని 19.6తో గుణించి వర్గమూలం తీస్తే, గాలే అడ్డం లేకపోతే వచ్చే వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. టవర్ అంత ఎత్తు, 40 మీటర్లు దిగితే 101 కి.మీ. 100 మీటర్లకు 159. 300 మీటర్లకు 276. గంటకు 320 రావాలంటే, గాలి అసలు లేదనుకున్నా, 403 మీటర్లు దిగాలి. అంటే ఆ టవర్ల లాంటివి పదింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు.

క్లిప్పులో పక్షి దూకడం మొదలుపెట్టింది నేల నుంచి 100 మీటర్ల దగ్గర. పైకి లేవడం మొదలుపెట్టింది 22 మీటర్ల దగ్గర. దిగింది 78 మీటర్లు. మొదట్లోనే రెక్కలు కొట్టి తెచ్చుకున్న వేగం సెకనుకు 11 మీటర్లు. రెండూ కలిపితే గాలి లేని లోకంలో కూడా సెకనుకు 40.6 మీటర్లు, గంటకు 146 కి.మీ. దాటదు. 320 అన్న మాట ఇక్కడే పడిపోయింది. మిగిలిందల్లా 146లో ఎంత దక్కింది అన్నదే.

320 ఎక్కడ పుట్టింది

మొదటి తప్పు కాలంలో. తెర మీద ఆ దూరం దిగడానికి 3.6 సెకన్లు పట్టింది. ఫోన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తుందని నమ్మి, 30 ఫ్రేముల వేగంతో ఆడిస్తే 8 రెట్లు నిదానం అనుకుని, 3.6ను 8తో భాగించి 0.45 తెచ్చారు. అసలు ఫైల్ తెప్పించి చూస్తే అది 120 ఫ్రేముల మోడ్‌లో తీసింది. నిదానం 4 రెట్లే. అసలు కాలం 0.9 సెకను, అంటే 108 ఫ్రేములు. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫైల్ మీద ఈ పని చేయకూడదు. అది మళ్లీ కుదించి, ఫ్రేములు వదిలేసి ఉంటుంది. ఎవరి ఫోన్లో తీశారో వాళ్ల దగ్గర్నుంచి అసలు ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి. సెట్టింగ్స్‌లో రాసిన అంకెను కూడా పూర్తిగా నమ్మొద్దు. అదే మోడ్‌లో ఇంకో ఫోన్లోని స్టాప్‌వాచ్‌ను పది సెకన్లు తీసి, ఫ్రేములు లెక్కపెడితే అసలు సంగతి బయటపడుతుంది. కొన్ని ఫోన్లు స్లో మోషన్ క్లిప్ మొదట్లో, చివర్లో మామూలు వేగంతోనే ఆడిస్తాయి. లెక్కపెట్టే భాగం ఆ అతుకు మీద పడకుండా చూసుకోవాలి.

రెండో తప్పు దూరంలో. మొదటి డాబాకు టవర్ 260 మీటర్లు. పక్షి టవర్ పక్కన ఎగిరినట్టే కనిపిస్తుంది కానీ డాబాకూ టవర్‌కూ మధ్యలో, 150 మీటర్ల దగ్గర ఉంది. టవర్ దూరంలో 40 మీటర్లుగా కనిపించేది 150 మీటర్ల దగ్గర 23.1 మీటర్లే. చేతివేలు కంటి దగ్గర పెట్టుకుంటే గుట్టంతా కప్పేస్తుంది, ఇదీ అదే. సెల్ టవర్, చెట్టు, గుడి గోపురం ఏది కొలబద్దగా పెట్టుకున్నా పక్షి దాని పక్కనే ఉందని రుజువు లేకపోతే ఆ కొలత చెల్లదు.

కాలం రెండింతల తేడా, దూరం 1.73 రెట్ల తేడా. రెండూ ఒకేవైపు పడ్డాయి. 320ని ఆ రెండింటితో భాగిస్తే 92 మిగులుతుంది. అయితే ఇది నిలువుగా దిగిన వేగమే. పక్షి పక్కకూ కదిలింది, డాబా వైపూ కదిలింది. ఆ రెండూ కలపకుండా ఆపేస్తే ఈసారి తప్పు అటువైపు జరిగినట్టు.

కొలిచిన తీరు

టవర్ ఎత్తు 40 అన్నది ఎవరో చెప్పిన మాట కావొచ్చని నీడతో సరిచూడడం జరిగింది. పొద్దున పదింటి ప్రాంతంలో మీటరున్నర కర్రను నిటారుగా నిలబెడితే నీడ 1.83 మీటర్లు. అదే నిమిషంలో టవర్ నీడ 48.8 మీటర్లు. 48.8ని 1.5తో గుణించి 1.83తో భాగిస్తే 40. నీడ కొలిచేటప్పుడు నేల ఎగుడుదిగుడుగా ఉంటే లెక్క చెడుతుంది. ఇక్కడ సిమెంటు యార్డు కాబట్టి ఇబ్బంది రాలేదు. టవర్ నీడ కొన మసకగా ఉంటుంది, అడుగు అటూఇటూ తప్పదు.

తర్వాత అదే ఫోన్, అదే జూమ్, అదే పిట్టగోడ చోటు నుంచి టవర్‌ను మళ్లీ తీశారు. టవర్ 560 పిక్సెళ్ల పొడుగు వచ్చింది, అంటే 260 మీటర్ల దూరంలో మీటరుకు 14 పిక్సెళ్లు. 150 మీటర్ల దగ్గర మీటరుకు 24.3. ఆ లెక్కన 40 సెంటీమీటర్ల బైరి ఫోన్ క్లిప్‌లో పది పిక్సెళ్ల చుక్క. రెక్కలు ముడిచిందా, తెరిచిందా అని ఈ చుక్కను చూసి వాదించేవాళ్లతో వాదించి లాభం లేదు.

పక్షి దూరం తేల్చింది రెండో డాబా. రెండు డాబాల మీది నుంచి పక్షి వైపు రెండు దారాలు లాగి కట్టినట్టు ఊహించుకుంటే, అవి కలిసే చోటే పక్షి. మొదటి డాబా టవర్‌కు దక్షిణం, రెండోది తూర్పు కావడం కలిసొచ్చింది. దారాలు దాదాపు లంబంగా కోసుకుంటాయి కాబట్టి చోటు గట్టిగా తేలుతుంది. రెండు డాబాలూ ఒకే వీధిలో పక్కపక్కన ఉంటే దారాలు సన్నటి కోణంలో కలిసి, చిన్న తప్పుకే పక్షి పాతిక మీటర్లు ముందుకో వెనక్కో జరిగిపోయేది. రెండు క్లిప్పుల కాలాన్ని కలపడానికి పావురాల గుంపు చెదిరిన క్షణం వాడారు. రెండింట్లోనూ అది ఒకటి రెండు ఫ్రేముల్లోనే జరిగింది. చప్పుడుతో కలపాలని చూడొద్దు. చప్పుడు 100 మీటర్లు పోవడానికి 0.3 సెకను పడుతుంది, దూరాలు వేరైన రెండు డాబాలకు ఒకే చప్పుడు ఒకేసారి చేరదు.

వేగం తీసేటప్పుడు ఎక్కువమంది పడే గుంత ఒకటుంది: ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య తేడాను తీసుకోవడం. ఈ క్లిప్‌లో పక్షి ఫ్రేముకు అయిదు పిక్సెళ్లు దిగుతుంది. చుక్క నడిమధ్య ఎక్కడో గుర్తుపెట్టడంలో ఒక్క పిక్సెల్ తప్పినా సెకనుకు 4.9 మీటర్లు, గంటకు దాదాపు 18 కి.మీ. తేడా వస్తుంది. అలా తీస్తే గ్రాఫ్ రంపంలా వస్తుంది. అందులో పైకి పొడుచుకొచ్చిన ఒక పన్ను చూపించి "గరిష్ఠ వేగం" అంటారు. ఇక్కడ ప్రతి 12వ ఫ్రేము, అంటే 0.1 సెకనుకు ఒకసారి చోటు గుర్తుపెట్టి, వాటి గుండా నున్నటి గీత గీసి, ఆ గీత వాలు నుంచి వేగం తీశారు. రోలింగ్ షట్టర్ వల్ల, అంటే ఫోన్ కెమెరా ఒక ఫ్రేమును ఒకేసారి కాక వరస తర్వాత వరసగా తీయడం వల్ల, తప్పు వస్తుందని భయపడేవాళ్లుంటారు. ఈ లెక్కలో అది కొన్ని మిల్లీసెకన్ల సంగతి. 900 మిల్లీసెకన్ల ముందు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఆ 0.9 సెకనులో వచ్చినవి: నిలువుగా సెకనుకు 25.6 మీటర్లు, పక్కకు 15, మొదటి డాబా వైపు 10. చివరిది మొదటి క్లిప్‌లో కనిపించనే కనిపించదు, రెండో డాబా లేకపోతే పోయేదే. మూడింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సెకనుకు 31.3 మీటర్ల సగటు. దూకిన కోణం నేలకు 55 డిగ్రీలు. ఈ భాగం మొదట్లో 29.7, చివర్లో, 22 మీటర్ల ఎత్తు దగ్గర, 33. అంటే గంటకు 119 కి.మీ. పక్షి దూరంలో పది మీటర్ల అనుమానం ఉంది కాబట్టి 33 అన్నది అటు 30 కావొచ్చు, ఇటు 36 కావొచ్చు.

తక్కువేమీ కాదు

119 అనగానే క్లిప్ పంపినవాళ్ల మొహాలు చిన్నబోతాయి. అక్కర్లేదు. అడవి పక్షి వేటలో కొలిచిన వేగాలు ఈ దరిదాపుల్లోనే ఉంటాయి. థామస్ అలెర్‌స్టామ్ అనే పరిశోధకుడు 1987లో రాడార్‌తో పట్టిన బైరి దూకుళ్లలో గరిష్ఠం సెకనుకు 39 మీటర్లు. జర్మనీలోని ఓలెఫ్ డ్యామ్ 60 మీటర్ల గోడ వెంట శిక్షణ ఇచ్చిన బైరి దూకుడును హైస్పీడ్ కెమెరాలతో కొలిచి 2014లో ప్రచురించారు. వచ్చింది సెకనుకు 22.5 మీటర్లు, గంటకు 81 కి.మీ.

మరి 389 కి.మీ. అన్న రికార్డు? అది ఫ్రైట్‌ఫుల్ అనే పెంపుడు బైరిది. కెన్ ఫ్రాంక్లిన్ దాన్ని విమానంలో 5 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకు తీసుకెళ్లి, కిందికి వదిలిన ఎర వెంట దూకించాడు. వాన్స్ టక్కర్ అనే పరిశోధకుడు 1998లో చేసిన లెక్క ప్రకారం కిలో బరువున్న ఆదర్శ బైరి (లెక్క కోసం ఊహించుకున్నది) తన గరిష్ఠ వేగంలో 95 శాతం అందుకోవాలంటే సుమారు 1200 మీటర్ల దారి కావాలి. నిలువుగా దూకినా 16 సెకన్లు పడుతుంది. ఎనుమాముల బైరి దూకింది మొత్తం 4 సెకన్లు, దారి 95 మీటర్లు. రికార్డు అబద్ధం కాదు. దాన్ని ప్రతి దూకుడుకూ తగిలించడమే అబద్ధం.

చలికాలంలో మన చెరువుల మీదికి వచ్చే కొరమీను గద్దకు కూడా ఇదే కొలత పెట్టొచ్చు. 30 మీటర్ల పైనుంచి కాళ్లు ముందుకు చాపి నీళ్లలో పడే దాని వేగం గాలి లేకున్నా గంటకు 87 కి.మీ. దాటదు. చివర్లో రెక్కలు విప్పి ఆపుకుంటుంది కాబట్టి అసలుది ఇంకా తక్కువ.

పోయిన వేగం ఎక్కడికి పోయింది

గాలి లేకపోతే సెకనుకు 40.6 రావాలి, వచ్చింది 33. వేగం వర్గాల్లో చూస్తే 78 మీటర్ల ఎత్తు ఇచ్చిన శక్తిలో 37 శాతం గాలి తినేసింది. ఆ పొద్దున ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. వరంగల్ సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తు కాబట్టి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.17 కిలోలు తీసుకోవచ్చు. వీటి నుంచి పక్షి డ్రాగ్, అంటే గాలి దాన్ని వెనక్కి పట్టే బలం, ఎంతో వెనక్కి లెక్కగట్టొచ్చు. పక్షి బరువు తెలియదే అనొచ్చు. వేగం పెరిగిన తీరు నుంచి వచ్చేది డ్రాగ్‌కూ బరువుకూ నిష్పత్తి. పోలికకు అదే చాలు. చూసుకోవడానికి వీలుగా మాత్రం బరువు 700 గ్రాములు అనుకుందాం.

అలా అనుకుంటే ఈ పక్షి గాలికి అడ్డం పెట్టిన డ్రాగ్ విస్తీర్ణం సుమారు 53 చదరపు సెంటీమీటర్లు, అంటే మూడు అగ్గిపెట్టెల మొహాలంత. రెక్కలు పూర్తిగా ఒంటికి అదుముకున్న బైరికి టక్కర్ వాడిన 0.18 డ్రాగ్ గుణకంతో లెక్కిస్తే 11.5 వస్తుంది, ఒక అగ్గిపెట్టె మొహం కన్నా తక్కువ. నాలుగున్నర రెట్ల తేడా. పక్షి చాతకాక అలా వచ్చిందా?

మూడో క్లిప్ జవాబు చెబుతుంది. మొదట నాలుగైదు గట్టి రెక్కపోట్లు. తర్వాత మోచేతులు ముందుకు, రెక్క కొనలు వెనక్కి, పైనుంచి చూస్తే విల్లును రెండు చోట్ల విరిచినట్టు. రెక్కలు సగం ముడుచుకున్నాయి. పడబోయే నీటిబొట్టులా పూర్తిగా ఒంటికి అదుముకునే రూపం ఒక్క ఫ్రేములోనూ లేదు. తోక మూసే ఉంది. తల ఒకటి రెండు సార్లు పక్కకు తిరిగింది. బైరి కంట్లో దూరం స్పష్టంగా చూసే లోతైన గుంట తలకు సుమారు 45 డిగ్రీలు పక్కకు చూస్తుంది. దూరపు పావురాన్ని బాగా చూడాలంటే తల తిప్పాలి, తల తిప్పితే డ్రాగ్ పెరుగుతుంది. అందుకే పెద్ద ఎత్తు నుంచి వచ్చే బైరీలు తల తిన్నగా ముందుకే ఉంచి మెలికదారిలో దిగుతాయని టక్కర్ 2000లో చెప్పాడు. నాలుగు సెకన్ల దూకుడులో ఆ మెలిక కనిపించేంత జాగా లేదు.

ఈ పక్షి రెక్కలు పూర్తిగా ముడిచి ఉంటే ఏమయ్యేది? అదే ఎత్తు, అదే కోణం, డ్రాగ్ విస్తీర్ణం 11.5 పెట్టి లెక్కేస్తే చివరి వేగం సెకనుకు 38.7 మీటర్లు, గంటకు 139. అంటే లాభం 20 కి.మీ., కాలంలో పావు సెకను పైచిలుకు. అంతే. అదే 500 మీటర్ల ఎత్తు నుంచి అయితే కథ వేరు. సగం ముడిచిన రెక్కలతో ఎంత దిగినా 55 డిగ్రీల కోణంలో 154 కి.మీ. దగ్గర వేగం నిలిచిపోతుంది. పూర్తిగా ముడిస్తే 270 దాటుతుంది. రెక్క ముడవడం ఎత్తున్నవాడికి లాభం. వంద మీటర్ల మీది నుంచి దూకేవాడికి అది చిల్లర.

ఆ చిల్లర కోసం పక్షి వదులుకోవాల్సింది మాత్రం పెద్దది: మలుపు. వేగంగా పోయేది తిరగలేదు అన్నది బండి నడిపిన అనుభవం నుంచి వచ్చిన మాట. పక్షికి అది సగమే నిజం. రెక్క ఇచ్చే లిఫ్ట్, అంటే గాలి రెక్కను నెట్టే బలం, వేగం వర్గంతో పెరుగుతుంది. మలుపుకు కావాల్సిన బలమూ వేగం వర్గంతోనే పెరుగుతుంది. రెండూ కొట్టేసుకుంటాయి కాబట్టి, ఎముకలూ కండరాలూ తట్టుకున్నంతవరకు, ఒకే రెక్క విస్తీర్ణంతో వీలయ్యే అతి చిన్న మలుపు వేగం మీద ఆధారపడదు. పైగా అదే మలుపును వేగంగా పోయే పక్షి తక్కువ కాలంలో పూర్తి చేస్తుంది. ఆ మలుపును పెద్దది చేసేది వేగం కాదు, ముడిచిన రెక్క. విస్తీర్ణం సగమైతే మలుపు రెండింతలు. పావురం చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటుందని తెలిసిన పక్షి రెక్కలు పూర్తిగా మూసుకుని రాదు.

ముక్కు రంధ్రంలోని చిన్న బొడిపె వల్లే బైరి ఇంత వేగంలో ఊపిరి తీసుకోగలుగుతుందని, జెట్ ఇంజన్ దాన్ని చూసే చేశారని కూడా క్లిప్ కింద రాశారు. ఆ బొడిపె నింపాదిగా ఎగిరే కెస్ట్రెల్ అనే చిన్న డేగ ముక్కులోనూ ఉంటుంది. దాని జోలికి ఈ కేసులో పోలేదు.

పావురం ఎలా తప్పించుకుంది

దూకుడు తప్పింది. పావురం సెకనుకు 15 మీటర్ల చొప్పున గుంపు అంచున పోతోంది. బైరి దగ్గరికొచ్చేదాకా అది దారి మార్చలేదు. బైరి తాకాల్సిన క్షణానికి 0.3 సెకను ముందు ఒక రెక్క కిందికి వంచి ఎడమకు కోసింది. ఆ 0.3 సెకనులో బైరి 10 మీటర్లు వచ్చేసింది. తెర మీద ఇద్దరి మధ్య అతి తక్కువ దూరం మీటరున్నర.

బైరి ఎర వైపు పోయేటప్పుడు దాని వెంట పడదు, అది చేరబోయే చోటికి పోతుంది. 2017లో జీపీఎస్, చిన్న కెమెరాలు కట్టి చేసిన పరిశోధన ప్రకారం ఎర కనిపించే దిశ ఎంత వేగంగా మారుతుందో, దానికి కొన్ని రెట్ల వేగంతో బైరి తన దారి మారుస్తుంది. క్షిపణులకు వాడే సూత్రం ఇదే. కానీ క్షిపణుల్లో ఆ గుణకం సాధారణంగా 3 నుంచి 5, బైరీల్లో చాలావరకు 3కు తక్కువ. ఈ పద్ధతికి చివరి క్షణపు మెలికే పరీక్ష. ఎర దిశ ఒక్కసారిగా మారితే సరిదిద్దుకోవడానికి మిగిలేది రెండు మూడు రెక్క కదలికల కాలమే.

తప్పిన కారణంగా వేగాన్ని చూపించడం తేలిక. క్లిప్ అలా చెప్పడం లేదు. మొదటి క్లిప్‌లో పక్షి దారి నున్నటి గీత, పావురం మళ్లిన తర్వాత కూడా 0.1 సెకను దాకా ఆ గీత వంగలేదు. వంగడం మొదలయ్యాక బాగానే వంగింది. అంటే రెక్క సరిపోలేదనడం కన్నా కదలిక ఆలస్యమైందనడమే నయం. పిల్ల బైరికి రెక్క, తోక ఈకలు పెద్దదానికన్నా కొంచెం పొడుగు. లేత వయసులో తేలడానికి అవి సాయపడతాయి, దూకడంలో అడ్డమే. ఒకే దూకుడు చూసి పక్షి అనుభవం మీద తీర్పు చెప్పడం మాత్రం కుదరదు.

దొరికి ఉంటే కాళ్లతో తన్నేది. గద్ద తన్నుకుపోయింది అని మనం అనే మాట అక్షరాలా సరైనదే. ముక్కు పని ఆ తర్వాత, మెడ కొరికి చంపడానికి.

కింది నుంచి మళ్లీ పైకి

22 మీటర్ల దగ్గర మొదలైన పైమలుపు 9 మీటర్ల దగ్గర అడుగుకు చేరింది. రేకుల షెడ్డు కప్పు అక్కడికి దగ్గర్లోనే ఉంది. 55 డిగ్రీల వాలు నుంచి సమతలానికి 13 మీటర్లలో రావాలంటే మలుపు వ్యాసార్ధం 30 మీటర్లు. సెకనుకు 33 మీటర్ల వేగంలో ఆ మలుపుకే పక్షి బరువుకు 3.6 రెట్ల బలం కావాలి. తన బరువు మోయడం కూడా కలిపితే అడుగున నాలుగున్నర రెట్ల దాకా. టక్కర్ లెక్కలో గరిష్ఠ వేగంతో నిలువుగా దూకిన కిలో బైరి రెక్కలు కొంత ముడిచి 18 రెట్ల దాకా లిఫ్ట్ తేగలదు. ఇక్కడ దానిలో పావు వంతే వాడింది. అయినా మూడో క్లిప్‌లో ఈ చోట రెక్క కొనలు పైకి విల్లులా వంగినట్టు కనిపిస్తుంది, తోక మొదటిసారి విసనకర్రలా తెరుచుకుంటుంది. కెమెరా తిప్పేవాళ్లు సరిగ్గా ఇక్కడే పక్షిని ఫ్రేములోంచి పోగొట్టుకుంటారు. దిగే పక్షి వెంట కెమెరా కిందికి పోతూనే ఉంటుంది. షెడ్డు కప్పు కనిపించగానే చేయి ఆపడం అలవాటు చేసుకోవాలి.

తర్వాత ఉయ్యాల ఊగినట్టు అదే ఊపుతో 45 మీటర్ల దాకా రెక్క కొట్టకుండా లేచింది. దిగిన ఎత్తులో దాదాపు 40 శాతం తిరిగి వచ్చింది. లెక్క సరిచూడడానికి ఇదొక మంచి దారి: అడుగున వేగం నిజంగా సెకనుకు 89 మీటర్లు ఉంటే ఆ ఊపు పక్షిని టవర్ మీదుగా వందల మీటర్లు పైకి తీసుకెళ్లేది. 31 మీటర్ల వేగానికి గాలి లేకుండా 49 మీటర్ల లేపు వస్తుంది, గాలి కొంత తింటే కనిపించిన 36 మీటర్లు సరిపోతాయి. పక్షి టవర్ చుట్టూ ఒక సగం తిరిగి, పై నుంచి రెండో చట్రం మీద కూర్చుంది.

వచ్చే చలికాలానికి అవే రెండు డాబాలు, పిట్టగోడల మీద ఫోన్లు ఎక్కడ పెట్టాలో సున్నంతో గుర్తులు పెట్టి ఉన్నాయి. రెండో ఫోన్‌ను కూడా 120 ఫ్రేములకు మార్చాలి. 30 ఫ్రేముల్లో లోతు కొలత 0.03 సెకనుకు ఒకసారే వస్తుంది, పావురం మలుపు దగ్గర అది చాలదు. దూకేలా చేయడానికి పావురాలను అదిలించడం, టవర్ ఎక్కడం పనికిరాదు. బైరి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పొద్దున ఏడున్నరకూ తొమ్మిదింటికీ మధ్య, బస్తాలు విప్పే వేళ పావురాలు దిగుతాయి. ఫోన్లు అంతకుముందే పెట్టి ఉంచాలి.